ఒకటో స్క్వాడ్రనా, ఏడో స్క్వాడ్రనా: చరిత్ర చదవడానికి ఏది మేలు?

వాయుసేన చరిత్ర మొత్తాన్ని ఒక్కసారిగా తలకెత్తుకోలేం కదా, ఒక్క స్క్వాడ్రన్‌ను, అంటే ఒక్క విమాన దళాన్ని, పట్టుకుని దాని వెంట నడిస్తే సరిపోతుందా, సరిపోతే దేన్ని పట్టుకోవాలి అని చాలామంది అడుగుతుంటారు. అడిగేవాళ్ళ నోట వచ్చే పేర్లు దాదాపు ఎప్పుడూ రెండే. ఒకటో స్క్వాడ్రన్ ‘టైగర్స్’, ఏడో స్క్వాడ్రన్ ‘బ్యాటిల్ యాక్సెస్’. రెండూ గ్వాలియర్ మిరాజ్ 2000 స్క్వాడ్రన్లే. వెనక్కి వెళ్ళేకొద్దీ మాత్రం వీటి దారులు బాగా వేరు.

ఒకటో స్క్వాడ్రన్ వైపు మొగ్గేవాళ్ళకు గట్టి కారణమే ఉంది. కథ మొదలైందే అక్కడ. వాయుసేన చట్టప్రకారం పుట్టింది 1932 అక్టోబర్ 8న. స్క్వాడ్రన్‌లోని ‘ఎ’ ఫ్లైట్ (స్క్వాడ్రన్‌లో ఒక భాగం) కరాచీ దగ్గర డ్రిగ్ రోడ్‌లో ఏర్పడింది 1933 ఏప్రిల్ 1న. నాలుగు వాపిటీ విమానాలు, ఆరుగురు భారతీయ అధికారులు, 19 మంది ‘హవాయి సిపాయిలు’ (వాయుసేన సిపాయిలు), అంతే. ఈ రెండు తేదీలనూ కలిపేసి ‘1932లో ఒకటో స్క్వాడ్రన్ ఎగిరింది’ అని రాసేవాళ్ళకు లెక్కలేదు. 1933లో ఉన్నది ఒక్క ఫ్లైటే, ‘బి’ ఫ్లైట్ 1936లోనూ ‘సి’ ఫ్లైట్ 1938లోనూ వచ్చాకే స్క్వాడ్రన్ నిండింది. 1939 మార్చిలో పగ్గాలు సుబ్రతో ముఖర్జీ చేతికొచ్చాయి. ఒక స్క్వాడ్రన్‌ను నడిపిన మొదటి భారతీయుడు ఆయనే.

యుద్ధకాలపు పేజీలు కూడా బరువైనవే. 1942 ఫిబ్రవరిలో కె.కె. మజుందార్ నాయకత్వంలో బర్మాలోని టౌంగూకు వెళ్ళినప్పుడు వీళ్ళ చేతిలో ఉన్నవి లైశాండర్లు. సైన్యానికి పైనుంచి కళ్ళుగా పనిచేయడానికి తయారైన నెమ్మది విమానం అది. దానికి 250 పౌండ్ల బాంబులు తగిలించి థాయ్‌లాండ్‌లోని మే హాంగ్ సాన్ ఎయిర్‌ఫీల్డ్ మీద వేసి వచ్చారు. 1944లో హరికేన్ యుద్ధవిమానాలతో ఇంఫాల్‌లో, అర్జన్ సింగ్ కింద, నెలల తరబడి జపాన్ ముట్టడి మధ్యే ఎగిరారు.

ఇంతవరకు చదివితే తీర్పు అయిపోయినట్టే అనిపిస్తుంది. అసలు మెలిక 1947లో ఉంది.

విభజన నాటికి ఒకటో స్క్వాడ్రన్ పెషావర్‌లో టెంపెస్ట్ విమానాలతో ఉంది. వాటాల్లో దాని ఆస్తి పాకిస్తాన్‌కు పోయింది. భారత్‌కు మిగిలింది సంఖ్య ఒక్కటే, దాన్ని ‘నంబర్‌ప్లేట్’ చేసి, అంటే మనుషులూ విమానాలూ లేకుండా సంఖ్యను మాత్రం దాచి, పక్కన పెట్టారు. 1953 జనవరి 26న హల్వారాలో 15వ స్క్వాడ్రన్‌కు ఆ ఒకటో సంఖ్య ఇచ్చారు. మన ఇళ్ళలో దత్తత పోయినట్టన్నమాట. పిల్లవాడు అప్పటికే పుట్టి పెరిగాడు, కొత్త ఇంటిపేరు, గోత్రం ఆ రోజు నుంచి వచ్చాయి. తరవాత ఆ ఇంటి పరువును అతను నిలబెట్టాడా అంటే నిక్షేపంగా నిలబెట్టాడు. కానీ 1947కు ముందున్న ఒకటో స్క్వాడ్రన్‌నూ 1953 తరవాతి దాన్నీ ఒకే దారంగా చదివితే, మధ్యలో దాదాపు అయిదున్నరేళ్ళ ఖాళీ, 15వ స్క్వాడ్రన్ సొంత చరిత్ర, రెండూ కనబడకుండా పోతాయి.

నా లెక్కలో ఎంపికను తేల్చేది ఇదే. ఒక దళం చరిత్ర అంటే ఒక తరం పైలట్లు, టెక్నీషియన్లు తమకు తెలిసిన పని తరవాతి తరానికి చేతికందించడం. కొత్త విమానం వచ్చినప్పుడు పాతది నడిపినవాడే పక్కన నిలబడి నేర్చుకుంటాడు, నేర్పుతాడు. ఆ గొలుసు ఎక్కడా తెగకుండా ఉన్న చోట ‘ఎందుకిలా చేశారు’ అనే ప్రశ్నకు ముందు పేజీలోనే జవాబు దొరుకుతుంది. ఖాళీ ఉన్న చోట సంప్రదాయం మిగులుతుంది కానీ పనితనం ఎటు పోయిందో, ఎటు నుంచి వచ్చిందో విడిగా వెతుక్కోవాలి. 17వ స్క్వాడ్రన్‌దీ ఇదే ఇబ్బంది. 2016లో నంబర్‌ప్లేట్ అయి, 2019 సెప్టెంబర్‌లో రఫేల్ కోసం మళ్ళీ లేచింది. కార్గిల్ నాటి మిగ్ మనుషులకూ ఇప్పటి రఫేల్ మనుషులకూ మధ్య ఉన్న బంధం సంఖ్యదే ఎక్కువ.

ఏడో స్క్వాడ్రన్‌లో ఆ తెగడం లేదు. 1942 డిసెంబర్ 1న పుట్టింది, అదీ మన విశాఖపట్నంలో. అదే ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు వేసి వెళ్ళిన ఊరే అది. చేతికొచ్చిన విమానం వల్టీ వెంజెన్స్, ఇద్దరు కూర్చునే డైవ్ బాంబర్. దీని గురించి ఒక సంగతి తెలిస్తే పాత ఫోటోలు వెంటనే గుర్తుపట్టవచ్చు. నిట్టనిలువుగా కిందికి దూకేటప్పుడు గురి తప్పి పక్కకు జరగకూడదని దాని రెక్కను సున్నా కోణంలో బిగించారు. దాంతో తిన్నగా ఎగిరేటప్పుడు కావలసినంత ఎత్తుబలం రావాలంటే విమానం మొత్తం ముక్కు పైకెత్తుకుని పోవాల్సిందే. పైలట్‌కు ముందు ఏముందో సరిగా కనబడేది కాదు. కిందికి దూకడంలో మాత్రం దానికి సాటి తక్కువ. 1944లో అస్సాంలోని ఉదర్‌బంద్ నుంచి బర్మా అడవుల్లోని జపాన్ స్థావరాల మీద ఈ విమానాలే దూకాయి. వెంజెన్స్‌ల తరవాత హరికేన్లు వచ్చాయి, పగ్గాలు పి.సి. లాల్‌వి. ఇంఫాల్‌లో ఒకటో స్క్వాడ్రన్‌ను నడిపిన అర్జన్ సింగ్ 1965 యుద్ధానికి వాయుసేనాధిపతి. బర్మాలో ఏడో స్క్వాడ్రన్‌ను నడిపిన లాల్ 1971 యుద్ధానికి వాయుసేనాధిపతి. ఈ లెక్కలో రెండూ సరిసమానం.

1947 తరవాత త్రాసు ఒరుగుతుంది. ఒకటో సంఖ్య బీరువాలో ఉన్న రోజుల్లో ఏడో స్క్వాడ్రన్ టెంపెస్ట్‌లు కాశ్మీర్‌లో పోరాడుతున్నాయి. 1947 నవంబర్ 7న శ్రీనగర్ శివార్లలోని షాల్టెంగ్ పోరులో నేల మీది సైన్యానికి పైనుంచి దన్నుగా నిలిచినవాటిలో అవీ ఉన్నాయి. నాలుగు 20 మిల్లీమీటర్ల ఫిరంగులున్న విమానం టెంపెస్ట్. ఆ వెంటనే వాంపైర్ వచ్చింది, దేశంలో మొదటి జెట్ స్క్వాడ్రన్ ఇదే అయింది. 1957లో హంటర్, తరవాత మిగ్-21, 1985 జూన్‌లో మిరాజ్. మిరాజ్‌లోనూ ఏడోదే ముందు, ఒకటో స్క్వాడ్రన్‌కు అందింది 1986లో. పిస్టన్ నుంచి జెట్‌కు, ఫిరంగి నుంచి క్షిపణికి వాయుసేన మారిన తీరు ఒకే ఇంట్లో, గోడలు పడగొట్టకుండా చూడవచ్చు.

1965 సెప్టెంబర్ 7 ఈ రెండు చరిత్రలనూ ఒకే చోట కలుపుతుంది. లక్ష్యం ఒక్కటే, పాకిస్తాన్ వాయుసేన స్థావరం సర్గోధా. ఆదంపూర్ నుంచి ఒకటో స్క్వాడ్రన్ మిస్టేర్లు 12 వెళ్ళాయి, హల్వారా నుంచి ఏడో స్క్వాడ్రన్ హంటర్లు అయిదు. ఆ ఒక్క రోజును ఎలా చదవాలో నేర్చుకుంటే మిగతా యుద్ధచరిత్ర అంతా చదవడం వచ్చినట్టే.

మిస్టేర్ దాడిలో స్క్వాడ్రన్ లీడర్ ఎ.బి. దేవయ్య రిజర్వులో ఉన్నారు. ఒక విమానం వెనక్కి తగ్గితే ఆ స్థానంలోకి వెళ్ళారు. తిరిగి రాలేదు. ఏమైందో ఇక్కడ ఏళ్ళ తరబడి ఎవరికీ తెలియదు. పాకిస్తాన్ వైపు కథనం బయటికొచ్చాక, వాళ్ళ స్టార్‌ఫైటర్ యుద్ధవిమానం ఒకటి మిస్టేర్‌తో తలపడి కూలిపోయిందని, దాని పైలట్ పారాచూట్‌తో బయటపడ్డాడని తెలిసింది. ఆ దాడికి వెళ్ళి తిరిగిరాని మిస్టేర్ ఎవరిదో చూస్తే దేవయ్యదే. ధ్వనివేగానికి రెట్టింపు పోగల విమానాన్ని ఎదిరించి నిలిచింది, ధ్వనివేగం దాటాలంటే కిందికి దూకవలసిన మిస్టేర్. మహావీర్ చక్ర 1988లో వచ్చింది, ఇరవై మూడేళ్ళ తరవాత.

ఏడో స్క్వాడ్రన్ కథ దీనికి తిరగబడి ఉంటుంది. ఆ రోజు ఒకే పోరులో అయిదు హంటర్లను కూల్చానని పాకిస్తాన్ పైలట్ ఎం.ఎం. ఆలం చెప్పుకున్న లెక్క లోకమంతా తిరిగింది. వెళ్ళిన దళంలో ఉన్నవే అయిదు. జకరయ్య, లాంబా, సిన్హా తిరిగొచ్చారు. భగవత్, బ్రార్ రాలేదు. అదే రోజు 27వ స్క్వాడ్రన్ హంటర్ ఒకటి కూలి కక్కర్ బందీ అయ్యారు, దాన్ని కలిపినా మూడు. ఇందులో అబద్ధం వెతకనక్కరలేదు. గట్టిగా మలుపు తిరుగుతూ క్షణాల్లో కాల్చేవాడు తాను కొట్టిన విమానం నేలకు చేరేదాకా చూడలేడు, ఒకే విమానం మీద ఇద్దరు కాలిస్తే ఇద్దరి ఖాతాలోనూ పడుతుంది. అందుకే కూల్చినవాడు చెప్పిన సంఖ్య పెన్సిల్‌తో రాసుకోండి, పోగొట్టుకున్నవాడి జాబితా పెన్నుతో రాసుకోండి. చనిపోయిన పైలట్‌ను ఏ దేశపు రికార్డూ ఎక్కువ కాలం దాచలేదు. రెండు వైపుల లెక్కలకూ ఈ సూత్రమే, మన వైపు చెప్పుకున్నవాటికి కూడా.

ఏ స్క్వాడ్రన్ పట్టుకున్నా రాసుకునే పద్ధతి ఒకటే. నోటుపుస్తకంలో అయిదు నిలువు గడులు గీయండి: కాలం, స్థావరం, విమానం, కమాండింగ్ ఆఫీసర్, మనుషులు ఎక్కడినుంచి వచ్చారు. చివరి గడి అనవసరమనిపిస్తుంది, పైన చెప్పిన దత్తతలన్నీ బయటపడేది అక్కడే. విమానం గడిలో ఒక్క సంవత్సరం రాసి వదిలేయకండి. మొదటి విమానం వచ్చిన తేదీ, పాతవాటిలో చివరిది వెళ్ళిన తేదీ, రెండూ రాయండి. మార్పిడి నెలల తరబడి సాగుతుంది. మధ్యలో యుద్ధం పడితే సగం పైలట్లు ఒక రకంలో, సగం ఇంకోదాంట్లో ఉంటారు. రెండు పుస్తకాల్లో రెండు సంవత్సరాలు కనబడితే చాలాసార్లు రెండూ నిజమే. ఒకరు విమానం దిగిన రోజు రాస్తే, ఇంకొకరు దళం యుద్ధానికి సిద్ధమన్న రోజు రాస్తారు.

పేర్లతోనూ తంటానే. 1945 మార్చి నుంచి 1950 జనవరి 26 దాకా మన దళం ‘రాయల్ ఇండియన్ ఎయిర్‌ఫోర్స్’. ఆ కాలపు కాగితాల్లో బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ ఏడో స్క్వాడ్రన్‌తో కలిసిపోకుండా చూసుకోండి, అది పూర్తిగా వేరే దళం. వైజాగపటం, ట్రిచినోపలీ, డ్రిగ్ రోడ్ అని పాత స్పెల్లింగులతోనే వెతకాలి.

బాలాకోట్ గురించి అడిగేవాళ్ళుంటారు. 2019 ఫిబ్రవరి నాటి దాడిని గానీ, 1999లో టైగర్ హిల్ మీద లేజర్ బాంబు వేసిన జూన్ 24ను గానీ ఏదో ఒక స్క్వాడ్రన్ ఖాతాలో వేయాలని తాపత్రయపడకండి. గ్వాలియర్ మిరాజ్‌లు ఒకే వింగ్‌గా పనిచేస్తాయి, విమానాలూ మనుషులూ అటూ ఇటూ మారుతుంటారు. ఆ వరసకు ఎదురుగా ‘గ్వాలియర్’ అని రాసి ముందుకెళ్ళండి.

మిగతా అభ్యర్థుల గురించి రెండు ముక్కలు. రవాణా మీద ఆసక్తి ఉంటే 12వ స్క్వాడ్రన్. 1947 అక్టోబర్ 27న శ్రీనగర్‌లో మొదటగా దిగిన డకోటాలు, మరుసటి ఏడాది మే 24న మెహర్ సింగ్ లేహ్‌లో దించిన డకోటా దానివే. నౌకాదళం కావాలంటే దాని విమాన స్క్వాడ్రన్ ఐ.ఎన్.ఏ.ఎస్. 300 ‘వైట్ టైగర్స్’. 1960లో సీ హాక్‌లతో మొదలై, 1971లో విక్రాంత్ మీద నుంచి కాక్స్ బజార్ మీద దాడి చేసి, 1983 నుంచి 2016 దాకా సీ హారియర్లు నడిపింది. చిన్న కథ, శుభ్రంగా ఉంటుంది.

మూలాల మీదే మీ మనసు ఉంటే ఒకటో స్క్వాడ్రన్‌ను 1947 ఆగస్టు దాకా చదివి, అక్కడినుంచి ఏడోదాని టెంపెస్ట్ పేజీలోకి మారండి. 1953కు వచ్చాక, తీరిక ఉంటే, 15వ స్క్వాడ్రన్ ఎక్కడినుంచి వచ్చిందో వెనక్కి వెళ్ళి చూడండి. ఆ భాగం గురించి ఎవరూ పెద్దగా రాయలేదు.