లంకమల అంచుకు సరిపడే బైనాక్యులర్

కడప చుట్టుపక్కల, లంకమల కొండల అంచున, పొదలనూ పిట్టలనూ తీరిగ్గా గమనించాలనుకునేవారికి ఏ బైనాక్యులర్ మేలంటే, ఏడాదికి పైగా వాడి చూసిన మీదట నేను 8×42 రకాన్నే చెబుతాను. మొదటి అంకె వస్తువు ఎన్ని రెట్లు పెద్దదిగా కనిపిస్తుందో చెబుతుంది, రెండవది ముందువైపు అద్దం వ్యాసం, మిల్లీమీటర్లలో. దుకాణాల్లో పది రెట్లది తీసుకోమంటారు గానీ, రెట్లు పెరిగేకొద్దీ చేతి వణుకూ పెరుగుతుంది, కనిపించే మేర కుంచించుకుపోతుంది. పైగా మన వేసవిలో పొద్దెక్కేసరికే నేల మీద గాలి కాగి కదలాడుతుంటే, అదనపు రెట్లు చూపేది ఆ కదలికనే. వెలుగులోనూ లాభం ఇటే. 42ను 8తో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం 5.25 మి.మీ., 10తో భాగిస్తే 4.2 మి.మీ. మాత్రమే. చీకటితో బయలుదేరేవారికి ఈ తేడా బాగా తెలుస్తుంది.

అయితే ఈ నేలకు నేను అన్నిటికంటే ముందు చూసేది, ఎంత దగ్గరి వస్తువు మీద చూపు కుదురుతుందన్నది. నా దగ్గరున్నది రెండు మీటర్ల దగ్గరున్న వస్తువును కూడా స్పష్టంగా చూపుతుంది. సిద్ధవటం నుంచి బద్వేలు పోయే దారి పక్కన ఉన్నవి మహావృక్షాలు కావు, ముళ్ళపొదలు. గొంతు కింది తోలును విసనకర్రలా విప్పి మూసే మగ తొండ మూడు మీటర్ల దూరంలో రాయెక్కి కూర్చుంటే, ఐదు మీటర్ల లోపల మసకబారే బైనాక్యులర్ ఎంత ఖరీదైనదైనా వృథాయే. వానాకాలంలో పెన్న ఒడ్డున గిజిగాడు ఆకు అంచును ముక్కుతో గాటు పెట్టి, ఆ పోగును పట్టుకుని ఎగిరిపోతూ నిలువునా చీల్చుకుపోవడం ఇందులోనే స్పష్టంగా చూశాను. మగపిట్ట గూటిని సగం అల్లి ఆపుతుంది; ఆడపిట్ట వచ్చి చూసి మెచ్చితేనే మిగతాది పూర్తి చేస్తుంది. ఒకే కొమ్మకు వేలాడే సగం గూళ్ళు ఎందుకు అలాగే మిగిలిపోయాయో ఇది తెలిశాకే అర్థమవుతుంది.

ఈ జిల్లా పేరు ప్రపంచానికి తెలియజేసిన కలివికోడిని మాత్రం ఇది చూపించదు. 1900 తర్వాత కనుమరుగైందనుకున్న ఆ పక్షి 1986లో ఈ లంకమల ప్రాంతంలోనే మళ్ళీ దొరికింది. అది రాత్రి తిరిగేది కాబట్టి, పరిశోధకులు మెత్తటి మట్టి పరచి దాని అడుగుజాడలు వెతికారు. ఐనా అది కోరే చోటును చదవడానికి పగటి చూపు చాలు: పొదలు మరీ దట్టంగా ఉండకూడదు, నేల మరీ బోడిగానూ ఉండకూడదు, పొదకూ పొదకూ మధ్య నడిచే ఖాళీ కావాలి. కట్టెలు ఎక్కువ కొట్టినా, పొదలు పూర్తిగా కమ్మేసినా ఆ ఖాళీ లెక్క తప్పుతుంది. దారి మీద నిలబడి పొదల వరుసను ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా చూసుకుంటూ పోతే, ఊరికే చిట్టడవి అనుకున్నది ఎన్ని రకాల నేలో తెలిసివస్తుంది. ఇందుకు వెడల్పైన దృశ్యమే అక్కరకొస్తుంది.

లోపాలూ ఉన్నాయి. కంటి దగ్గరి రబ్బరు గిన్నె ఒకటి ఆరు నెలలకే వదులైంది. కంపెనీ సేవా కేంద్రం నాలుగు ఉత్తరాలు రాయించుకుని ఆఖరుకు కొత్తది పంపింది. మెడపట్టీ సన్నది, చెమటకు ఒరుసుకుంటుంది; భుజాల మీదుగా వేసుకునే పట్టీ వేరుగా కొనుక్కోవడం మంచిది. దుమ్మును చొక్కా కొసతో తుడవకుండా, ముందు గాలిబుడ్డితో ఊది, ఆ తర్వాతే బట్ట తాకించాలి. మరొక మాట: ఎర్రచందనం దొంగరవాణా ఉన్న చోట అడవి అంచున బైనాక్యులర్‌తో నిలబడితే ప్రశ్నలు తప్పవు. అభయారణ్యంలోకి అటవీశాఖ అనుమతితోనే వెళ్ళండి, గుర్తింపు కార్డు జేబులో ఉంచుకోండి.

కొనేటప్పుడు దుకాణంవాడు ఎదుటి మేడ మీది బోర్డును చూపిస్తాడు. మీరు మాత్రం రెండు మీటర్లు వెనక్కి జరిగి, బల్ల మీది రసీదు పుస్తకంలోని చిన్నక్షరాలు చదవగలరేమో చూడండి.