పాత స్ట్రాటా, పాత లెస్‌పాలా? బెజవాడలో కొనేవాడికి ఏది మేలు

పాత ఎలక్ట్రిక్ గిటార్ కొనేటప్పుడు మనోళ్ళు ముందు రంగు చూస్తారు, తర్వాత హెడ్‌స్టాక్ (తీగలు బిగించే మరలుండే తల భాగం) మీద పేరు చూస్తారు, ఆ తర్వాత బేరానికి దిగుతారు, అంతేగానీ స్కేల్ లెంత్ ఎంతండీ అని అడిగేవాళ్ళు ఇటు బెజవాడలోనూ అటు గుంటూరులోనూ నాకు పెద్దగా తగల్లేదు. కొన్నాక రోజూ చేతికి తెలిసేది మాత్రం అదే.

స్కేల్ అంటే హెడ్‌స్టాక్ దగ్గర తీగ ఆనే నట్ నుంచి బాడీ మీద ఆనే బ్రిడ్జ్ దాకా తీగ మోగే పొడవు. ఫెండర్ కంపెనీ స్ట్రాట్ (స్ట్రాటోకాస్టర్), టెలీ (టెలీకాస్టర్) మోడళ్ళకి 25.5 అంగుళాలు. గిబ్సన్ కంపెనీ లెస్‌పాల్ మోడల్‌కి 24.75 అంటారు, టేపు పెడితే చాలావాటికి ఇంకాస్త తక్కువే వస్తుంది. ముప్పావు అంగుళానికి ఇంత గోలా అనుకోకండి, అవే తీగలు వేసి అదే శ్రుతికి తెస్తే స్ట్రాట్ మీద బిగువు దాదాపు 6 శాతం ఎక్కువ. చేతులు చిన్నవైతే లెస్‌పాలే కొనాలి అంటుంటారు గానీ ఆ మాట నేను ఒప్పుకోను, మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర రెండింటికీ తేడా ఒక్క మిల్లీమీటరే. అసలు తేడా తెలిసేది బెండ్ చేసేటప్పుడు. పాటలో గమకం పట్టాలంటే తీగ లాగాలి కదా, అక్కడ లెస్‌పాల్ మెత్తగా లొంగుతుంది. (మన పాలకొల్లు శ్రీనివాస్ గారు మాండొలిన్‌కి జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకుంది కూడా ఇలాంటి లొంగుబాటు కోసమే, అక్కడ స్కేల్ ఎంత పొట్టిదో చూడండి.)

ఇంతవరకూ వింటే లెస్‌పాలే మేలు అనిపిస్తుంది. కానీ మన ఆర్కెస్ట్రాల్లో, చర్చి బ్యాండుల్లో పాడేవాళ్ళ గొంతు కోసం శ్రుతి అర మెట్టు (ఒక ఫ్రెట్ అంత) దించి వాయించేవాళ్ళు ఉంటారు, అలా దించితే బిగువు 11 శాతం దాకా పడిపోతుంది, అంటే దించిన స్ట్రాట్ మామూలు శ్రుతిలో ఉన్న లెస్‌పాల్ కంటే మెత్తగా ఉంటుంది! అదే లెస్‌పాల్‌ని దించితే లావు తీగలు వదులైపోయి బుర్రబుర్రమంటాయి, ఇంకా లావు సెట్ వేసుకోవాలి. స్ట్రాట్ గట్టిగా ఉంది అనేవాళ్ళు 10 నంబరు తీగల సెట్ తీసేసి ఇంకా సన్నవైన 9 నంబరువి వేసి చూడండి, సగం గొడవ అక్కడే తీరిపోతుంది. యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) ఎక్కువగా ఉన్నా గట్టిగానే అనిపిస్తుంది, అది సెటప్ లోపం, దాన్ని స్కేల్ మీదకి నెట్టకండి.

ఇక పాతది కొనడం అన్నప్పుడు నా ఓటు ఇంకా గట్టిగా స్ట్రాట్ టైపుకే. లెస్‌పాల్ నెక్ బాడీకి అతికించి ఉంటుంది, హెడ్‌స్టాక్ వెనక్కి వంగి ఉంటుంది, స్టాండ్ మీద నుంచి పడిందంటే నట్ వెనకాలే విరుగుతుంది. బాగా అతికించినా ధర దాదాపు సగానికి పడిపోతుంది. స్ట్రాట్ నెక్ స్క్రూలు విప్పితే చేతికొస్తుంది, లోపల ఏముందో కొనేముందే చూడొచ్చు, అంతెందుకు, 24.75 స్కేల్ నెక్ విడిగా దొరుకుతుంది, అది బిగించుకుని పాత నెక్ గుడ్డలో చుట్టి దాచుకుంటే అమ్మేటప్పుడు ఒరిజినల్ ఒరిజినల్‌గానే ఉంటుంది. డెబ్బైల జపాన్ లెస్‌పాల్ కాపీల్లో కూడా ఇలా స్క్రూలతో బిగించిన బోల్ట్ నెక్ ఉన్నవి ఉన్నాయి, అలాంటిది తగిలితే వదలకండి.

జపాన్ కాపీ కనపడగానే లాసూట్ (కోర్టు కేసు) గిటార్ అని రేటు పెంచేస్తారు, నమ్మొద్దు. ఆ కేసు 1977లో గిబ్సన్ కంపెనీ వాళ్ళు ఐబనీజ్ అమెరికా సంస్థ మీద వేసింది, గొడవ హెడ్‌స్టాక్ ఆకారం గురించి, జపాన్ గిటార్లన్నిటి మీదా కాదు. గివ్‌సన్, హాబ్నర్ లాంటి మన దేశపు పాతవి నేర్చుకోడానికి బానే ఉంటాయి గానీ వింటేజ్ రేటు మాత్రం పెట్టకండి.

కొలవడం ఎలాగంటే, నట్ ముందంచు నుంచి 12వ ఫ్రెట్ నడిమధ్యకి టేపు పెట్టి వచ్చినదాన్ని రెట్టింపు చేయండి. 324 మిల్లీమీటర్లు వస్తే 25.5, ఓ 312 నుంచి 314 మధ్య వస్తే గిబ్సన్ తరహా, 305 వస్తే మస్టాంగ్, జాగ్వార్ లాంటి 24 అంగుళాల పొట్టి రకం. బ్రిడ్జ్ దాకా కొలిస్తే తప్పు లెక్క వస్తుంది, శ్రుతి సరిపోవడానికి బ్రిడ్జ్ మీద తీగలు ఆనే శాడిల్స్ కొంచెం వెనక్కి జరిపి ఉంటారు కాబట్టి.

అమ్మేవాళ్ళైతే పాలిష్ కొట్టించొద్దు, రంగు అసలే వేయించొద్దు, తిరిగి రంగేసిన పాత గిటార్‌కి కూడా ధర దాదాపు సగమే పలుకుతుంది. వాల్యూమ్ పాట్ల (తిప్పే నాబ్ కింద లోపల ఉండే భాగాలు) వెనక నంబర్ ఫోటో పెట్టండి, 1376632 అని ఉంటే 137 ఆ పాట్ చేసిన సీటీఎస్ కంపెనీ, 66 ఏడాది, 32 వారం, అంటే పాట్ ఒరిజినల్‌దే అయితే గిటార్ అంతకంటే ముందుది కాదని అర్థం, ఎప్పటిదో పక్కాగా చెప్పదు. మే నెలలో బెజవాడ ఎండలో కారు డిక్కీలో పెట్టి తిప్పొద్దు, పాత నైట్రో ఫినిష్ (వార్నిష్ లాంటి పాతకాలపు పూత) పగుళ్ళు తేలుతుంది. హైదరాబాదో బెంగుళూరో పంపాల్సొస్తే తీగలు వదులు చేసి, హెడ్‌స్టాక్ కింద మెత్త పెట్టి హార్డ్ కేసులోనే పంపండి, లెస్‌పాల్ అయితే ఆ కేసు ఖర్చు కూడా రేటులో కలుపుకోండి.

ఇంట్లోనే మామూలు శ్రుతిలో లీడ్ వాయించుకునేవాళ్ళైతే, గిటార్ గుమ్మం దాటదు అనుకుంటే, లెస్‌పాల్ తీసుకోండి, నేనేం అడ్డు చెప్పను. వారం వారం బండి మీద ప్రోగ్రాములకి మోసుకెళ్ళేవాళ్ళకి స్ట్రాటే.