తీగ ఉన్న ఇంటి ఫోను: ఏళ్ల తరబడి వాడిన తర్వాత

రాజమహేంద్రవరంలోని మా ఇంట్లో 2017లో కొన్న తీగ ఫోను ఇప్పటికీ హాలు గోడ మీద పనిచేస్తూనే ఉంది. పెద్ద బటన్లు, నంబరు కనిపించే చిన్న తెర, చుట్టలు తిరిగిన రిసీవరు తీగ, అంతే. వెయ్యి రూపాయల లోపు ధరకే దొరికింది. మొదటి కొన్నేళ్లు పాత రాగి లైను మీద, ఆ తర్వాత ఫైబర్ మీద వాడాం. ఇంట్లో అందరికీ సెల్‌ఫోన్లు ఉన్నాయి. అయినా దీన్ని తీసేద్దామని ఎవరూ అనలేదు, మా అత్తగారి వల్ల. ఆవిడకు ఎనభై దాటాయి. పక్కన ఎవరూ లేకపోయినా ఆవిడ స్వయంగా వాడుకోగల ఫోను ఇదొక్కటే. పెద్దవాళ్లున్న ఇంటికి ఇంతకంటే పనికొచ్చే ఫోను లేదని నా గట్టి నమ్మకం. కానీ దీని గురించి అందరూ చెప్పే మాట ఒకటుంది, కరెంటు పోయినా పనిచేస్తుందని. ఆ మాట ఇప్పుడు అన్ని ఇళ్లలోనూ నిజం కాదు. కొనేవాళ్లకు ముందుగా తెలియాల్సింది అదే కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

బిగించడం దగ్గర మొదలుపెడతాను. పెట్టెలో ఫోను, రిసీవరు, రెండు తీగలు, మడతపెట్టిన ఒక కాగితం ఉంటాయి. చుట్టల తీగ రిసీవరుకు, తిన్నగా ఉన్న తీగ గోడలోని జాక్‌కు. రిసీవరు తీగ పిన్ను కాస్త సన్నగా, లైను తీగ పిన్ను వెడల్పుగా ఉంటాయి. సన్నది వెడల్పాటి రంధ్రంలో దూరినా పట్టు నిలవదు. పిన్ను టిక్కుమనేదాకా నొక్కి, ఒకసారి మెల్లగా లాగి చూడాలి. రిసీవరు ఎత్తితే డయల్ టోను వినిపించాలి, అదే మొదటి పరీక్ష. ఫోను పక్కనో కిందో టోను, పల్సు అనే చిన్న స్విచ్చు ఉంటుంది. దాన్ని టోను వైపే ఉంచండి. పల్సు అనేది వేలితో తిప్పే పాత డయలు కాలపు పద్ధతి. స్విచ్చు అటు జరిగితే నొక్కిన అంకెలు టకటకమని వెళ్తాయి, గ్యాస్ బుకింగులో "ఒకటి నొక్కండి" అన్నప్పుడు ఎంత నొక్కినా అవతలి యంత్రానికి అందవు. ఫోను దులిపేటప్పుడు ఈ స్విచ్చు తెలియకుండా జరిగిపోవడం మా ఇంట్లో చూశాను. ఇప్పుడు దాని మీద చిన్న టేపు ముక్క అంటించి ఉంచాం.

బల్ల మీద పెట్టడం కంటే గోడకు తగిలించడమే మేలని నా అభిప్రాయం. తేలిక రకం ఫోన్లు బల్ల మీద పెడితే రిసీవరు తీగ లాగినప్పుడల్లా ముందుకు జారి వస్తాయి. గోడకు పెట్టేటప్పుడు ఒక చిన్న విషయం చూసుకోవాలి. రిసీవరు ఆనే చోట, పై భాగంలో గోరంత ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. దాన్ని పైకి లాగి, తిప్పి మళ్లీ దూర్చితే చిన్న కొక్కెంలా ముందుకు పొడుచుకొస్తుంది. నిలువుగా ఉన్న రిసీవరును పట్టి ఉంచేది ఆ కొక్కెమే. అది తిప్పకపోతే రిసీవరు జారుతుంది, లైను తెరుచుకుని ఉండిపోతుంది, బయటివాళ్లకు ఎంతసేపూ ఎంగేజ్ శబ్దమే. ఈ సంగతి ఆ కాగితంలో చివరి పేజీలో చిన్న బొమ్మగా వేసి వదిలేశారు. అత్తగారు కుర్చీలో కూర్చుంటే చెయ్యి అందే ఎత్తులో మరలు బిగించాం. పెద్దవాళ్లను నిలబెట్టి మాట్లాడించే ఎత్తులో ఫోను పెట్టకండి.

ఇక లైను సంగతి. పాత రాగి లైనులో ఫోనుకు కావలసిన కరెంటు టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుంచే, అదే తీగల జంట మీద వస్తుంది. ఎక్స్ఛేంజిలోని బ్యాటరీలు 48 వోల్టుల డీసీ ఇస్తాయి. మోగేటప్పుడు దాని మీదే దాదాపు 75 వోల్టుల ఏసీ కలుస్తుంది, అందుకే గోడ మీద ఫోను లైను వచ్చి చేరే రోసెట్టు పెట్టెలో తీగలు కలుపుతుండగా ఫోను మోగితే చేతికి జిల్లుమని తగులుతుంది. ఇంట్లో కరెంటు ఉందా లేదా అన్నదానితో ఆ ఫోనుకు పని లేదు. గాలివానకు వీధంతా చీకటైన రాత్రుల్లో కూడా మా ఫోను మోగేది. ఆ నమ్మకం అలా వచ్చిందే.

ఫైబర్ తీగలో వచ్చేది వెలుతురు. దానితో కరెంటు రాదు. ఫైబర్ వచ్చి ఆగే పెట్టె, ఓఎన్‌టీ అంటారు, ఇంట్లోనే ఉండి డయల్ టోనునూ గంట మోగించే వోల్టేజినీ తానే తయారుచేస్తుంది. పెట్టె వెనక టెల్ అనో, ఫోన్ అనో, పాట్స్ అనో రాసి ఉన్న చిన్న రంధ్రం ఉంటుంది. మన పాత ఫోను పిన్ను అందులో చక్కగా సరిపోతుంది, కొత్త ఫోను కొనక్కర్లేదు. కానీ ఆ పెట్టె అడాప్టరు మీద బతుకుతుంది. కరెంటు పోతే పెట్టె ఆగుతుంది, దానితో ఫోనూ మూగబోతుంది.

మాకు ఫైబర్ పెట్టినప్పుడు వచ్చినతను పెట్టెను వీధి గుమ్మం పక్కనున్న ప్లగ్గుకు తగిలించి, టోను వినిపించి వెళ్లిపోయాడు. ఆ ప్లగ్గుకు ఇన్వర్టరు కనెక్షను లేదు. కరెంటు పోతే ఫోను పనిచేయదన్న మాట అతను చెప్పలేదు. ఆ సంవత్సరం మొదటి గాలివాన సాయంత్రం మేమిద్దరం బయట ఉన్నాం. ఇంటికి ఎన్నిసార్లు చేసినా పలకలేదు, ఇంట్లో అత్తగారు ఒంటరిగా ఉన్నారు. నాకు ఇప్పటికీ దీని మీద కోపమే. పెద్దవాళ్లున్న ఇంట్లో రాగి తీసి ఫైబర్ పెడుతున్నప్పుడు ఈ ఒక్క విషయం నోరు తెరిచి చెప్పడం వాళ్ల బాధ్యత. మర్నాడే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ ప్లగ్గును ఇన్వర్టరు లైనులో కలిపించాం. ఇన్వర్టరు లేని ఇళ్లకు రౌటర్ల కోసం అమ్మే చిన్న యూపీఎస్‌లు ఉన్నాయి. ఓఎన్‌టీ అడాప్టరు మీద ఎన్ని వోల్టులు, ఎన్ని యాంపియర్లు రాసి ఉందో చూసి (చాలావాటికి 12 వోల్టులు) దానికి సరిపోయేది కొనాలి. ఫోను ధర కంటే ఇది ఎక్కువ కావచ్చు. అయినా కొనండి. ఇది లేకుండా ఫైబర్ మీద తీగ ఫోను పెట్టుకుంటే అవసరమైన రోజునే అది పనికిరాకుండా పోతుంది.

పాత ఇళ్లలో గదిగదికీ ఫోను తీగ లాగి ఉంటుంది. దాన్ని వృథా చేయనక్కర్లేదు. వీధి నుంచి వచ్చే పాత రాగి తీగల జంటను రోసెట్టు దగ్గర విప్పేసి, ఆ తర్వాతే ఓఎన్‌టీ నుంచి తీగ తెచ్చి లోపలి తీగలకు కలపాలి. బయటి జంటను విప్పకుండా కలిపితే ఎక్స్ఛేంజి వోల్టేజి వచ్చి పెట్టెకు ప్రమాదం. మేము అలా కలిపించి అత్తగారి గదిలో రెండో ఫోను పెట్టాం. రెండూ ఒకేసారి మోగుతాయి. మూడో నాలుగో తగిలిస్తే గంట మోగించే శక్తి ఆ చిన్న పెట్టెకు చాలకపోవచ్చు.

వాడకం విషయానికి వస్తే, అత్తగారు దీన్ని ఎలా వాడతారో చెబితే సరిపోతుంది. ఆవిడకు చూపు మందగించింది. ఐదు అంకె బటను మీద చిన్న బొడిపె ఉంటుంది. వేలితో దాన్ని పట్టుకుని, చుట్టూ మిగతా అంకెలు ఎక్కడున్నాయో లెక్కగట్టి నొక్కుతారు. కాకినాడలో ఉన్న చెల్లెలికి మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోను చేయడం ఆవిడ దినచర్య. సెల్‌ఫోనులో ఇదే పని ఆవిడకు నరకం. చెంప తగిలి తెర మీద ఏదో నొక్కుకుపోతుంది, మాట అవతలికి వెళ్లదు, "వినబడటం లేదే చెల్లీ" అంటూ అరిచి అరిచి విసిగి పెట్టేస్తారు. తీగ ఫోను రిసీవరు చెవి నుంచి నోటిదాకా వస్తుంది, ఎలా పట్టుకున్నా మైకు నోటి దగ్గరే ఉంటుంది. ఇంకో సుగుణం కూడా ఉంది. మనం మాట్లాడేది కొద్దిగా మన చెవిలోనే వినిపించేలా ఈ ఫోన్లను తయారుచేస్తారు. తన గొంతు తనకు వినబడుతుంది కాబట్టి ఆవిడ కేకలు వేయరు, మామూలుగానే మాట్లాడతారు. సెల్‌ఫోనులో హాలంతా వినబడేలా మాట్లాడే మనిషి ఈ ఫోనులో నెమ్మదిగా మాట్లాడటం నేను రోజూ చూస్తున్నాను.

అమెరికాలో ఉన్న మా ఆడపడుచు కూడా ల్యాండ్‌లైనుకే చేస్తుంది. విదేశాల నుంచి చేసేవాళ్లు 91 తర్వాత ఎస్‌టీడీ కోడు ముందున్న సున్నా తీసేయాలి, అంటే మా ఊరికైతే 883, ఆ తర్వాత ఏడంకెల నంబరు. హైదరాబాదుకైతే 40, తర్వాత ఎనిమిదంకెలు. సెల్‌కు చేస్తే ఆ ఒక్కరితోనే మాట్లాడి పెట్టేస్తుంది. ఇంటి ఫోనుకు చేస్తే ఎవరు ఎత్తితే వాళ్లతో మొదలై, రిసీవరు చేతులు మారుతూ ఇంటిల్లిపాదితో మాట్లాడుతుంది. "వదినా, అమ్మ మందులు వేసుకుంటోందా?" అని నన్ను అడిగాకే అమ్మకు ఇవ్వమంటుంది. ఇంటికి ఒక నంబరు ఉండటం వల్ల వచ్చిన లాభం ఇది, నాకు చాలా ఇష్టమైన లాభం.

సున్నా అంటే గుర్తొచ్చింది. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైను నుంచి ఏ సెల్ నంబరుకు చేసినా ముందు సున్నా నొక్కాలి, అదే ఊరిలోని సెల్ అయినా సరే. ఈ మార్పు పెద్దవాళ్లను బాగా ఇబ్బంది పెట్టింది. మేము ఫోను పక్కన గోడ మీద నంబర్ల పట్టీని లావు అక్షరాలతో మళ్లీ రాసి, ప్రతి సెల్ నంబరు ముందూ సున్నాను ఎర్ర సిరాతో చేర్చాం. ఫోను జ్ఞాపకంలో దాచుకున్న నంబర్లనూ సున్నాతో కలిపి కొత్తగా ఎక్కించాలి. నాకు ఈ ఫోనులో నచ్చనిది ఇక్కడే ఉంది. వచ్చిన కాల్ నంబరు తెర మీద పదంకెలుగా మాత్రమే కనిపిస్తుంది, అక్కడి నుంచే తిరిగి చేయబోతే సున్నా లేనందువల్ల కాల్ వెళ్లదు. చూసి, చేత్తో మళ్లీ మొత్తం నొక్కుకోవలసిందే. 108, 112 వంటి వాటికి మాత్రం ముందు ఏమీ అక్కర్లేదు. ఆ రెండూ పట్టీలో అన్నిటికంటే పైన రాసి ఉంచాం.

ఇన్నేళ్లలో వచ్చిన తిప్పలు చిన్నవే. రిసీవరు తీగ మెలికలు పడి పొట్టిదవుతుంది. లైను పిన్ను తీసి, రిసీవరును కిందికి వేలాడనిస్తే అదే తిరిగి తిరిగి విచ్చుకుంటుంది. తెర కోసం వేసిన చిన్న బ్యాటరీలు ఏళ్లపాటు వదిలేస్తే కారి, లోపలి లోహపు పట్టీలను తినేస్తాయి, కాబట్టి ఏడాదికొకసారి మార్చడం మంచిది. బ్యాటరీ అయిపోయినా మా ఫోనులో మాట్లాడటానికి ఆటంకం లేదు, నంబరు మాత్రం కనిపించదు. వేసవిలో ఒకసారి లోపల చీమలు చేరి రెండు బటన్లు పనిచేయడం మానేశాయి. విప్పి, రబ్బరు పొర కింద స్పిరిటు అద్దిన దూదితో తుడిస్తే మళ్లీ పనిచేశాయి. రాగి లైను రోజుల్లో వానాకాలమంతా గరగరమనే శబ్దం ఉండేది, వీధిలోని అతుకుల్లో తడి చేరడం వల్ల. ఫైబర్‌కు మారాక అది పూర్తిగా పోయింది, ఆ విషయంలో ఫైబర్‌దే పైచేయి.

ఫోను పలకకపోతే వెంటనే కొత్తది కొనకండి, ఫిర్యాదూ చేయకండి. ఫోనును తీసుకెళ్లి నేరుగా ఓఎన్‌టీకే తగిలించి చూడండి. అక్కడ టోను వస్తే లోపం ఇంటి లోపలి తీగల్లో ఉన్నట్టు. అక్కడా రాకపోతే మరో ఫోనుతో చూడండి. దానికీ రాకపోతేనే లైను లోపం. రెండో ఫోను ఉన్న ఇంట్లో దాని రిసీవరు సరిగ్గా పెట్టారో లేదో ముందే చూసుకోవాలి. మా ఇంట్లో ఫోను పనిచేయడం లేదన్న మాట వచ్చినప్పుడు చాలాసార్లు కారణం అదే.

చేయలేని పనులు ఎటూ ఉన్నాయి. సందేశాలు రావు కాబట్టి బ్యాంకు ఓటీపీలకు పనికిరాదు. పెరట్లో ఉంటే మోగింది వినబడకపోవచ్చు. అందుకని కార్డ్‌లెస్ కొనమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. దాని పీఠానికి వేరే ప్లగ్గు కావాలి, చేతి ఫోనుకు చార్జింగు కావాలి, అది ఏ దిండు కింద ఉందో వెతుక్కోవాలి. మా అత్తగారికి ఫోను ఎప్పుడూ ఒకే చోట ఉండటమే సాయం. బేరాలంటూ వచ్చే అనవసరపు కాల్స్ ఎక్కువైతే 1909కి చేసి ల్యాండ్‌లైను నంబరును కూడా నమోదు చేయించుకోవచ్చు, మేము చేయించాక కొంత తగ్గాయి.

ఈరోజు కొనాల్సి వస్తే తెర ఎంత పెద్దదో, ఎన్ని నంబర్లు దాచుకుంటుందో నేను చూడను. ఫోను వెనక గోడకు తగిలించే రంధ్రాలున్నాయా, రిసీవరులో వినిపించే ధ్వనిని పెంచే మీట ఉందా, బటన్ల మీద అంకెలు పైన అచ్చేసినవా లేక ప్లాస్టిక్‌లోనే పోతపోసినవా అన్నది చూస్తాను, ఎందుకంటే పైన అచ్చేసినవి కొన్నేళ్లకే చెరిగిపోతాయి. దుకాణంలో లైను ఉంటే ఫోను తగిలించి, మోగించి, పక్క గదిలోకి వెళ్లి వినండి. పెద్దవాళ్లకు సన్నటి కీచు గంట కంటే కాస్త బొంగురు గంటే బాగా వినబడుతుంది. రిసీవరు తీగ ఒకటి అదనంగా కొని దాచుకోండి, ముందుగా పాడయ్యేది అదే.