ఎనిమిదేళ్లుగా మా ఇంట్లో 900 వీఏ ఇన్వర్టర్: ఎంత మోసింది, ఎక్కడ మొరాయించింది

2017 వేసవిలో టెక్కలిలోని మా ఇంటికి 900 వీఏ (వోల్ట్-ఆంపియర్) సైన్‌వేవ్ ఇన్వర్టర్, అంటే లైన్ కరెంట్‌లాంటి సాఫీ కరెంట్ ఇచ్చే రకం, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) టాల్ ట్యూబులర్ రకం లెడ్ యాసిడ్ బ్యాటరీ కొన్నాం. మెషీన్ ఇప్పటికీ అదే. బ్యాటరీ మాత్రం 2022లో ఒకసారి మార్చాం. ఇది మాకు ఇచ్చిన సుఖం తక్కువేమీ కాదు. కానీ దీని గురించి మాకు తెలియని ఒక్క విషయం వల్ల మా బావ చెయ్యి విరిగింది. అది చెప్పాలనే ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందు లోడ్ సంగతి. అట్టపెట్టె మీద 900 అని చూసి 900 వాట్లు నడుస్తాయనుకున్నాం. వీఏ వేరు, వాట్లు వేరు. వీఏలో ఎంత భాగం వాట్లుగా చేతికొస్తుందో చెప్పేది పవర్ ఫ్యాక్టర్, మా మెషీన్‌ది 0.8 కాబట్టి గట్టిగా లాగితే 720 వాట్లు. అంతవరకూ లాగడం నాకు ఇష్టం ఉండదు, 400 దాటనివ్వను. మూడు పాత సీలింగ్ ఫ్యాన్లు ఒక్కోటి 75 వాట్లు, నాలుగు ఎల్‌ఈడీ బల్బులు తొమ్మిదేసి, హాల్లో 20 వాట్ల ట్యూబ్‌లైటు, టీవీ 80, వైఫై రూటర్ 10. అన్నీ కలిపితే 370 చిల్లర. ఈ లోడుకి మెషీన్ ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ట్రిప్ కాలేదు.

ట్రిప్ అయింది వంటింటి వల్ల. వైరింగ్ చేసిన ఎలక్ట్రీషియన్ వంటింటి బోర్డు మొత్తాన్ని ఇన్వర్టర్ లైన్లో కలిపేశాడు. సంక్రాంతికి మా మేనత్త వచ్చినప్పుడు, కరెంట్ లేని టైంలో పచ్చడికని 750 వాట్ల మిక్సీ వేసింది. మెషీన్ కీచుమని మోగి, ఓవర్‌లోడ్ లైటు వెలిగి, ఇల్లంతా చీకటైపోయింది. కాసేపటికి దానంతటదే మళ్లీ ఆన్ అయింది. మిక్సీ స్విచ్ ఇంకా వేసే ఉంది, మళ్లీ పడిపోయింది. ఇలా మూడుసార్లు జరిగాక పూర్తిగా ఆగిపోయింది. మిక్సీ తీసేసి, స్విచ్ ఆపి వేస్తే మామూలుగా వచ్చింది.

మోటారు ఉన్న ఏ వస్తువుకైనా ఈ చిక్కు ఉంది. తిరగడం మొదలుపెట్టే ఆ క్షణంలో మామూలుగా తీసుకునే దానికి ఎన్నో రెట్లు కరెంట్ లాగుతుంది. ఫ్రిజ్ నడిచేటప్పుడు 150 వాట్లే అయినా కంప్రెసర్ అందుకునేటప్పుడు అలా ఉండదు. అందుకే ఫ్రిజ్‌ని ఆ లైన్ నుంచి తీయించాం. తలుపు తీయకుండా ఉంటే నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది, మా ఊరి కోతలకి అది చాలు. ఇక 1 హెచ్‌పీ నీళ్ల మోటారు, ఇస్త్రీపెట్టె, గీజరు ఈ సైజు ఇన్వర్టర్ పని కానే కాదు. ఇక్కడ చాలామందికి తెలియనిది ఒకటుంది. కరెంట్ ఉన్నప్పుడు కూడా ఆ లైన్లో ఉన్న వస్తువుల కరెంట్ ఇన్వర్టర్ లోపలి రిలే (కరెంట్ దారి మార్చే చిన్న స్విచ్) మీదుగానే వెళ్తుంది. ‘కరెంట్ ఉన్నప్పుడే కదా ఇస్త్రీ చేస్తాం’ అనుకుని ఆ ప్లగ్గులో పెడితే రిలే కాలిపోవచ్చు. మా ఇంట్లో ఇన్వర్టర్ లైన్లో ఉన్న స్విచ్చులన్నిటికీ అమ్మ ఎర్ర గోళ్లరంగుతో చుక్క పెట్టింది. ఇంటికి ఎవరొచ్చినా ఆ చుక్క చూపిస్తాం.

ఎంత లోడ్ మోస్తుందన్నది మెషీన్‌ని బట్టి, ఎంతసేపు మోస్తుందన్నది బ్యాటరీని బట్టి. 150 ఏహెచ్ అంటే 7.5 ఆంపియర్ల చొప్పున 20 గంటలు ఇస్తుందని అర్థం. మా 370 వాట్ల లోడుకి 12 వోల్టుల బ్యాటరీ నుంచి 36 ఆంపియర్ల దాకా పోతుంది. అంత వేగంగా లాగితే 150 మొత్తం చేతికి రాదు. కొత్త బ్యాటరీతో మాకు మూడు గంటలు వచ్చింది. రాత్రిపూట రెండు ఫ్యాన్లు, ఒక బల్బు, రూటరే అయితే ఆరు గంటల పైనే.

ఈ లెక్క మాకు బాగా అర్థమైంది తిత్లీ తుపాను రోజుల్లో. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. అర్ధరాత్రి నుంచే కరెంట్ లేదు. మేం అలవాటుగా ఫ్యాన్లు తిప్పుకుంటూ కూర్చున్నాం. పొద్దున చూస్తే స్తంభాలు, కొబ్బరిచెట్లు కలిసి రోడ్డు మీద పడి ఉన్నాయి, బ్యాటరీలో సగం కూడా లేదు. నాన్నగారు ఫ్యాన్లన్నీ ఆపించారు. ఒక్క బల్బు, వీధిలో వాళ్ల ఫోన్ల ఛార్జింగ్, అంతే. ఏ లోడూ లేకపోయినా ఇన్వర్టర్ ఆన్‌లో ఉంటే తనకోసం కొంత తింటుంది కాబట్టి పని లేనప్పుడు దాన్నీ ఆపేశాం. అలా రెండు రాత్రులు లాగాం. మా వీధికి కరెంట్ ఎనిమిది రోజులకి వచ్చింది. మిగతా రోజులన్నీ బ్యాటరీ ఖాళీగా పడి ఉంది, ఆ తర్వాత ముందులా బ్యాకప్ ఇవ్వనేలేదు. లెడ్ యాసిడ్ బ్యాటరీని ఖాళీగా వదిలేస్తే లోపలి ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది.

బ్యాటరీ విషయంలో మేం పడిన ఇంకో భయం 2021లో. హాల్లో ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. చూస్తే పాజిటివ్ టెర్మినల్ దగ్గర నట్టు వదులై, వైరు చివర తొడుగు కరిగింది. 12 వోల్టులే కదా, ఏం చేస్తుందిలే అనుకునేవాణ్ని. వోల్టేజి తక్కువ కాబట్టే ఆంపియర్లు ఎక్కువ, ఫుల్ లోడ్‌లో 70 దాకా వెళ్తాయి. వదులు జాయింటులో ఆ కరెంట్ పోతే నిప్పే. ఇప్పుడు మూడు నెలలకోసారి ఇన్వర్టర్ ఆపి, ప్లగ్గు తీసి, ఉంగరం, వాచీ పక్కన పెట్టి నట్లు బిగించి వాజిలిన్ రాస్తాను. స్పానర్ ఒకేసారి రెండు టెర్మినళ్లకీ తగలకుండా చూసుకోవాలి. నీళ్లు డిస్టిల్డ్ వాటరే, బ్యాటరీ మీద నీటి మట్టం చూపించే ఫ్లోట్లు ఎరుపు గుర్తు దగ్గరికి దిగితే పోస్తాను. ఫిల్టర్ నీళ్లు, ఏసీ నీళ్లు పనికిరావు. మొదట్లో బ్యాటరీ దేవుడి గూడు కింద ఉండేది. ఛార్జ్ అయ్యేటప్పుడు అందులోంచి హైడ్రోజన్ వస్తుందని తెలిశాక వరండాలో గాలి ఆడేచోటికి మార్చాం.

ఇక బావ సంగతి. 2019లో ఓ ఆదివారం మా ఇంటికొచ్చి, ఫ్యాన్ రెగ్యులేటర్ పాడైందని తనే మార్చడానికి స్టూలు ఎక్కాడు. జాగ్రత్తగా మెయిన్ స్విచ్ కూడా ఆపాడు. మెయిన్ ఆపితే ఇన్వర్టర్‌కి మాత్రం అది కరెంట్ పోవడం కిందే లెక్క, వెంటనే బ్యాటరీ మీద అందుకుంది. బోర్డులోకి వచ్చే వైరు 230 వోల్టులతో అలాగే ఉంది. బావకి షాక్ కొట్టి స్టూలు మీంచి పడ్డాడు, మణికట్టు విరిగింది. ప్రాణం పోలేదు కాబట్టి ఇలా రాయగలుగుతున్నాను. మెయిన్ ఆపాక ఇన్వర్టర్‌నీ దాని స్విచ్ దగ్గర ఆపాలి. కొన్ని మెషీన్లకి బైపాస్ స్విచ్ (ఇన్వర్టర్‌ని తప్పించి లైన్ కరెంట్‌ని నేరుగా పంపేది) వేరేగా ఉంటుంది, అది ఏ వైపు ఉందో చూడాలి. ఆ తర్వాత టెస్టర్ పెట్టి చూసి గానీ వైరు ముట్టుకోకూడదు. మా మెయిన్ బోర్డు పక్కన ‘ఇన్వర్టర్ కూడా ఆపారా?’ అని పెద్ద అక్షరాలతో రాసి అతికించాం. ఇన్వర్టర్ అవుట్‌పుట్‌ని రెండు వైపులా పిన్నులున్న వైరుతో గోడ ప్లగ్గులోకి గుచ్చి ఇల్లంతా నడిపేవాళ్లని కూడా చూశాను. దయచేసి అలా చేయకండి. ఆ కరెంట్ బయటి లైన్లోకి ఎక్కితే స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణానికే ముప్పు.

మెషీన్ మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. ఫ్యాన్లు గుయ్‌మనవు, టీవీ ఆగదు. ఒక్కటే ఇబ్బంది, పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీ నిండడానికి పన్నెండు గంటలకి తక్కువ పట్టదు. వేసవిలో పగలొక కోత, రాత్రొక కోత అయితే రెండోసారి సగం ఛార్జ్‌తోనే నెట్టుకురావాలి. 2023లో పడకగదుల్లోని రెండు ఫ్యాన్లకి బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు (తక్కువ కరెంట్‌తో తిరిగే మోటారు ఉన్నవి) పెట్టాక ఆ టెన్షన్ కూడా తగ్గింది. రాత్రి లోడ్ 170 నుంచి 80కి దిగింది, అదే బ్యాటరీ తెల్లవారేదాకా వస్తోంది. హాల్లో ఫ్యాన్ ఒక్కటి మిగిలింది, ఈ వేసవి వచ్చేలోపు దాన్నీ మారుస్తాను.