'వెజిటబుల్' టోఫు సూప్ తాగే ముందు ఒక్కసారి ఇది చదవండి

డాలస్ చుట్టుపక్కల ఉండే శాకాహారులకి, ముఖ్యంగా ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నవాళ్లకి చెప్తున్నా. కొరియన్ సూపర్‌మార్కెట్ ఫుడ్‌కోర్టుల్లో 'వెజిటబుల్ సూన్‌డుబు' అని బొమ్మ పెట్టి అమ్మే టోఫు (సోయా పనీర్) సూప్‌ని గుడ్డిగా నమ్మకండి.

మొన్న శనివారం మా అత్తగారిని తీసుకెళ్లాం. ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. మాంసం, చేప ఏవీ ఉండవు కదా అని మావారు కౌంటర్లో ఒకటికి రెండుసార్లు అడిగారు. "నో మీట్, ఓన్లీ టోఫు" అన్నాడు కుర్రాడు. 10.99 డాలర్లు, టాక్స్‌తో 11.90.

నల్ల మట్టిగిన్నెలో కుతకుతా ఉడుకుతూ వచ్చింది, పైన పచ్చి గుడ్డు కొట్టి! వెనక్కిచ్చి ఇంకోటి చేయించాం. నాలుగు చెంచాలు తాగాక అత్తగారు "నీచు వాసనొస్తోందేంటే?" అన్నారు. అడుగుదాకా కలిపి చూస్తే ఉల్లికాడల మధ్య వేలెడంత కూడా లేని ఎండు నెత్తళ్ల చేప, తల తీసేసింది, పొట్ట తెల్లగా మెరుస్తూ తేలింది. ఆవిడ మొహం చూడలేకపోయాను.

వెళ్లి అడిగితే మేనేజర్ తాపీగా "సూప్ బేస్ అన్నిటికీ ఒకటేనండీ" అన్నాడు. డబ్బులివ్వడట, కావాలంటే ఓ కోక్ తీసుకోమన్నాడు. వాళ్ల వంటలో చేప వేసుకుంటే మనకేం అభ్యంతరం? అడిగినప్పుడు లేదని అబద్ధం చెప్పడమే నాకు ఒళ్లు మండించింది.

అసలు ఈ సూప్‌ని మామూలుగా ఎండు నెత్తళ్లు, సముద్రపు నాచు వేసి మరిగించిన నీళ్లతోనే చేస్తారు. చవక కౌంటర్లలో బీఫ్ పొడి కలపడమూ ఉంది. ఇందులో వేసే కారం ముద్దని పంది కీమాతో వేయించేవాళ్లున్నారు. దోయెన్‌జాంగ్ (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్‌దీ చాలాచోట్ల ఇదే కథ. పక్కన ఊరికే ఇచ్చే కిమ్చీ అనే క్యాబేజీ పచ్చడిలో ఉప్పులో ఊరిన రొయ్యలు, చేప సాస్ ఉండటం మామూలే, కాబట్టి రొయ్యలు పడనివాళ్లు దాని జోలికే పోకండి.

అందుకని మాంసం ఉందా అని అడిగి ఊరుకోకుండా, సూప్ నీళ్లు దేంతో కాచారని అడగండి. ఉత్త నీళ్లతో విడిగా చేసిస్తామంటేనే తీసుకోండి. లేదంటే మాంసం, గుడ్డు లేకుండా బిబింబాప్ (కూరగాయలు కలుపుకుని తినే అన్నం) చెప్పి, గోచుజాంగ్ అనే కారం పేస్ట్ విడిగా పెట్టించుకోండి. ఆ పేస్ట్‌లోనూ బీఫ్ కలిపే చోట్లున్నాయి, అడిగి మరీ వేసుకోండి. వేసవిలో దొరికితే సోయాపాలల్లో చల్లగా ఇచ్చే కొంగ్‌గుక్సు నూడుల్స్ కొంత నయం.

బిల్లు, గిన్నె ఫోటోలు పెట్టి కార్డు వాళ్ల దగ్గర డిస్ప్యూట్ వేశాను. ఏమన్నారో తెలిశాక రాస్తా.