సినిమానా, సీరియలా? తిరుపతిలో బండెక్కే ముందు

మా మేనల్లుడు తిరుపతి మ్యూజిక్ కాలేజీలో వయొలిన్ నేర్చుకుంటున్నాడు. ఫోన్ చేశాడంటే ఒకటే ప్రశ్న: "మామా, నేపథ్య సంగీతం చేయాలంటే సినిమాకు పోవాల్నా, సీరియల్‌కా?" ఏ ఊరికి పోవాలన్నది పెద్ద సమస్య కాదు. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నాలుగు గంటల లోపే చెన్నై చేరొచ్చు గానీ, తెలుగు పని ఎక్కువగా ఉండేది హైదరాబాదులోనే. అంటే సాయంత్రం నారాయణాద్రి ఎక్కాల్సిందే. ఆలోచించాల్సిందల్లా పని గురించే. నేను రెండూ చేశాను కాబట్టి చెబుతున్నా.

డైలీ సీరియల్లో బొమ్మ చూసి వాయించేది తక్కువ. ముందే ఏడుపుకు కొన్ని, కుట్రకు కొన్ని, అనుమానానికి, పెళ్లి సందడికి కొన్ని బిట్లు చేసి ఇచ్చేస్తాం. వాటిని ఏ సీను కింద పరచాలో రోజూ ఎడిటర్ చూసుకుంటాడు. సీమంతం కోసమని నేను చేసిన నాదస్వరం బిట్టు ఒకరోజు కిడ్నాప్ సీను కింద మోగింది. ఇంట్లో అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

అయినా సీరియల్ నేర్పే విద్య వేరే ఎక్కడా దొరకదు. శుభపంతువరాళి రాగాన్ని మూడు సెకన్లలో పలికించి ఏడిపించాలి. కచేరీలో అరగంట ఆలాపన చేసే చేతికి అది శిక్షే, శిక్షణ కూడా. పైగా నెల తిరిగేసరికి ఎంతో కొంత డబ్బు కనిపిస్తుంది. చెడ్డదేమిటంటే, సీరియల్లో మౌనానికి చోటుండదు. పాత్ర తల తిప్పితే ఒక మోత, మళ్లీ తిప్పితే ఇంకో మోత. ఏళ్ల తరబడి అదే చేస్తే ఎక్కడ ఆపాలో చెవి మరిచిపోతుంది.

సినిమా రీరికార్డింగ్‌లో, అంటే తీసిన బొమ్మకు నేపథ్య సంగీతం కట్టే పనిలో, మొదట తేల్చుకునేదే అది: సంగీతం ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ వద్దు. డైరెక్టర్ పక్కన కూర్చుంటాడు. హీరోయిన్ గొంతు పలికే స్థాయిలోనే వయొలిన్ పెడితే మాట మునిగిపోతుంది; కిందికో పైకో జరపాలి. లెక్కలు కూడా తెలియాలి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, మన టీవీ 25. 24లో తీసిన బొమ్మను 25లో నడిపితే నిమిషానికి 2.4 సెకన్లు ముందే అయిపోతుంది. ఈ సంగతి పట్టించుకోక ఒకసారి నేను తలుపు తెరుచుకున్నాక డ్రమ్ము కొట్టించాను. తప్పు నాదే, తిట్లూ నాకే.

కానీ సినిమాలో ఎదురుచూపులు ఎక్కువ. కీరవాణి కూడా సంగీత దర్శకుడు చక్రవర్తి దగ్గర సహాయకుడిగా పనిచేశాకే 1990లో తొలి సినిమా చేశారు. ఆస్కార్ వచ్చింది 2023లో. మామూలు వాళ్లం ఏళ్ల తరబడి ఇంకొకరి పేరు కింద కీబోర్డ్ ప్రోగ్రామింగ్ చేస్తూ ఉండిపోవచ్చు.

ఊరు వదలలేని వాళ్లకు మూడో దారీ ఉంది. 2008 నుంచి టీటీడీ వారి భక్తి ఛానల్ ఎస్వీబీసీ తిరుపతిలోనే నడుస్తోంది, భక్తి ఆల్బమ్‌లూ ఉన్నాయి. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు 600కు పైగా అన్నమయ్య కీర్తనలకు బాణీ కట్టారు. ఆయన పాట వినపడని తెలుగిల్లు తక్కువ. అయితే అది పాట దారి. సీనుకు సంగీతం కట్టాలన్న పిచ్చి ఉన్నవాడికి అక్కడ ఆకలి తీరదు.

నా లెక్కలో మా వాడికి ముందు సీరియలే మేలు, అదీ రెండేళ్లే. చేయి తిరిగాక సినిమాకు మారాలి. కేవలం పాటల బాణీలే కట్టగలిగితే మాత్రం నేరుగా సినిమాకే పోవడం మంచిది. సీరియల్లో దొరికేది ఒక్క టైటిల్ సాంగే. కల్యాణి మాలిక్ 'అమృతం' పాటలాగా అది జనం నోట నిలిస్తే అదృష్టమే.

ఎటు పోయినా ఒప్పందం చదివి సంతకం పెట్టమన్నాను. థియేటర్లో సినిమాతో పాటు వినపడేది తప్ప, మిగతా వాడకాలకు వచ్చే రాయల్టీలో స్వరకర్త వాటాను వదులుకున్నట్టు రాయించుకున్నా చెల్లదని 2012 కాపీరైట్ సవరణ చెబుతోంది. స్వరకర్తల రాయల్టీ వసూలు చేసి పంచే సంఘం ఐపీఆర్‌ఎస్‌లో చేరి, చేసినవన్నీ నమోదు చేసుకుంటేనే ఆ డబ్బు మన దాకా వస్తుంది.

"ఆ కిడ్నాప్ నాదస్వరం ఇంకా వాడతాండారా మామా?" అన్నాడు.

"వాడతానే ఉండారు."

"నీ పేరున నమోదు చేసినావా?"

చేయలేదు.