ఆభా యాప్: నాన్న స్టెంట్ కాగితాల కోసం తిరిగాక రాస్తున్న రివ్యూ

ఆభా అంటే మన వైద్య రికార్డులు ఫోన్‌లో చూసుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే ఖాతా. ఈ యాప్ వాడటం మొదలుపెట్టి ఆరేడు నెలలైంది. ఐదుకి మూడున్నర ఇస్తాను. ఆ మూడున్నర ఎందుకో అర్థం కావాలంటే ముందు నాన్న హెర్నియా ఆపరేషన్ సంగతి చెప్పాలి.

నాన్నకి 2023 జనవరిలో గుంటూరు వైపు ఒక ప్రైవేటు ఆస్పత్రిలో గుండె రక్తనాళంలో స్టెంట్ (నాళం మూసుకుపోకుండా ఉంచే చిన్న జాలీ గొట్టం) వేశారు. పేరు రాయను. 2025 ఎండాకాలంలో హెర్నియా బాగా ఇబ్బంది పెడుతుంటే హైదరాబాద్ తీసుకొచ్చి చూపించాం. ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్ వరసగా అడుగుతూ పోయారు, స్టెంట్ ఎప్పుడు వేశారు, ఏ రక్తనాళంలో, ఎన్ని, మందు పూత ఉన్నదేనా, రక్తం పల్చబడే మాత్రలు రెండు రకాలూ ఎన్నాళ్ళు వాడారు, ఇప్పుడు ఏది వాడుతున్నారు, చివరి ఎకో (గుండె స్కాన్) ఎప్పుడు తీశారు అని. నాన్న చెప్పగలిగింది ఒక్కటే, "ఒకటే వేశారండీ, మంచిదే వేశామన్నారు". మా ఫైల్‌లో ఉన్నవి ఫార్మసీ బిల్లులు, రెండు ఓపీ చీటీలు, డిశ్చార్జ్ సమ్మరీలో రెండో పేజీ. మొదటి పేజీ లేదు. కావాల్సినదంతా ఆ మొదటి పేజీలోనే ఉంటుంది. బిల్లులు మాత్రం ఒక్కటి పోకుండా దాచాం, ఇన్సూరెన్స్ కోసం కదా.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి గుంటూరు వెళ్ళాను. రికార్డుల సెక్షన్‌లో ఉన్నాయన "కేస్ షీట్ పేషెంట్లకి ఇవ్వమమ్మా, కోర్టు అడిగితేనో ఇన్సూరెన్స్ వాళ్ళు అడిగితేనో ఇస్తాం" అన్నారు. నిజమే కాబోలు అనుకుని వెనక్కి వచ్చేశాను. ఆ రాత్రి లాయర్‌గా ఉన్న స్నేహితురాలికి ఫోన్ చేస్తే చెప్పింది, డాక్టర్ల నడవడి మీద భారత వైద్య మండలి 2002లో తెచ్చిన నిబంధనల్లోనే ఈ విషయం స్పష్టంగా ఉందట. ఆస్పత్రిలో చేరిన పేషెంట్ రికార్డుల్ని చికిత్స మొదలైన తేదీ నుంచి 3 ఏళ్ళు దాచాలి, పేషెంట్ గానీ పేషెంట్ అధికారం ఇచ్చిన మనిషి గానీ అడిగితే ఆ అర్జీ అందినట్టు రాసిచ్చి 72 గంటల్లో కాగితాలు ఇవ్వాలి. మాకు ఆ మూడేళ్ళు నిండటానికి ఇంకో ఏడెనిమిది నెలలే ఉన్నాయి. ఆ లెక్క వేసుకున్నాక నిజంగా టెన్షన్ వచ్చింది.

మళ్ళీ వెళ్ళాను. ఈసారి తెల్ల కాగితం మీద అర్జీ రాసుకెళ్ళాను. నాన్న పేరు, ఆస్పత్రిలో చేరినప్పుడు ఇచ్చిన ఐపీ నంబర్, చేరిన తేదీ, ఇంటికి పంపిన తేదీ, నాకు ఇవ్వమని నాన్న సంతకంతో ఇంకో కాగితం, ఇద్దరి ఆధార్ జిరాక్సులు. ఏం కావాలో విడివిడిగా రాశాను: డిశ్చార్జ్ సమ్మరీ, యాంజియోగ్రామ్ సీడీ, స్టెంట్ వేసినప్పటి ప్రొసీజర్ నోట్స్, స్టెంట్ డబ్బా మీది స్టిక్కర్ అంటించిన పేజీ, ఎకో రిపోర్టు. ఇలా విడివిడిగా రాయడం చాలా ముఖ్యం, ఉత్తినే "రికార్డులు ఇవ్వండి" అంటే సమ్మరీ ఒక్కటే ప్రింట్ తీసి చేతిలో పెడతారు. రెండో కాపీ మీద అర్జీ అందినట్టు ముద్ర వేయించుకున్నాను. మూడో రోజు ఫోన్ చేసి రమ్మన్నారు. జిరాక్స్ ఖర్చు తీసుకుని 61 పేజీలు, ఒక సీడీ ఇచ్చారు. మొదటి రోజు కుదరదన్న ఆయనే ఇచ్చారు, మర్యాదగానే.

చేతికి వచ్చాక చదవడం ఇంకో పని. "పీటీసీఏ టు ఎల్ఏడీ విత్ డీఈఎస్" అని ఉంది. అంటే బెలూన్‌తో రక్తనాళం తెరిచారు, ఆ నాళం గుండె ముందు వైపు నుంచి కిందికి దిగే ముఖ్యమైనది, వేసింది మందు పూత ఉన్న స్టెంట్. మత్తు డాక్టర్ అడిగిన వాటిలో సగానికి జవాబు ఈ ఒక్క లైన్‌లో ఉంది. రెండున్నరేళ్ళు మా ఇంట్లో ఎవరికీ ఆ లైన్ తెలియదు. ఎకోలో ఈఎఫ్ 45 శాతం అని చూసి బస్సులోనే ఏడ్చాను, గుండె సగం కూడా పనిచేయడం లేదనుకుని. తర్వాత డాక్టర్ చెప్పారు, అది వంద ఉండాలని కాదమ్మా, గుండె ఒక్కసారి కొట్టుకున్నప్పుడు లోపలున్న రక్తంలో ఎంత భాగం బయటికి పంపుతుందన్నదే ఈఎఫ్, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి కూడా 55 నుంచి 70 మధ్యే ఉంటుంది, మీ నాన్నగారికి కొంచెం తగ్గింది అంతే అని. ఈ ఒక్క ముక్క 2023లోనే ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

ఇక యాప్ దగ్గరికి వస్తాను. నాన్న హెర్నియాకి హైదరాబాద్ ఆస్పత్రిలో చేరేటప్పుడు కౌంటర్‌లో అమ్మాయి ఆభా నంబర్ ఉందా అని అడిగింది, లేదంటే అక్కడే ఫోన్‌లో చేసుకోమంది. ఆధార్‌కి వచ్చే ఓటీపీతో అయిపోతుంది, 14 అంకెల నంబర్ వస్తుంది. నాన్న "ఇదీ ఆరోగ్యశ్రీ లాంటిదేనా, డబ్బులు వాళ్ళే కడతారా" అని అడిగారు. కాదు. మా చుట్టాల్లో చాలామంది కూడా ఇలాగే అనుకుంటున్నారు, అందుకే ఇక్కడ రాస్తున్నాను: ఆభా బీమా కాదు, వైద్య ఖర్చులకి ఇచ్చే ఆయుష్మాన్ కార్డు వేరు, ఇది రికార్డుల ఖాతా మాత్రమే. 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలుపెట్టిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో భాగం. తీసుకోవాలన్న బలవంతం లేదు, లేకపోయినా వైద్యం ఆపరు.

బాగా నచ్చింది అనుమతి పద్ధతి. మన రికార్డులన్నీ ఢిల్లీలో ఒకచోట పోగు చేస్తారేమో అని నాకు అనుమానం ఉండేది. అలా కాదు, ఏ ఆస్పత్రి రికార్డు ఆ ఆస్పత్రిలోనే ఉంటుంది, ఇంకో డాక్టర్ చూడాలంటే మన ఫోన్‌కి అభ్యర్థన వస్తుంది. ఎవరు అడుగుతున్నారు, ఎందుకు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ రకం రికార్డులు, ఎన్నాళ్ళ పాటు, ఇవన్నీ కనిపిస్తాయి. వద్దనొచ్చు, ఇచ్చాక వెనక్కి తీసుకోవచ్చు కూడా. గుంటూరులో ముద్ర కోసం గంటన్నర నిలబడ్డాక, మన కాగితాల మీద మనల్నే అనుమతి అడగడం చూస్తే మనసుకి చాలా హాయిగా అనిపించింది. ఓపీ కౌంటర్ దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పేరు, వయసు, అడ్రసు అన్నీ వాళ్ళకి వెళ్ళిపోయి టోకెన్ వస్తుంది, మోకాళ్ళ నొప్పులతో నాన్న క్యూలో నిలబడే పని తప్పింది.

మరి ఒకటిన్నర ఎందుకు తగ్గించాను? నాన్న స్టెంట్ రికార్డు ఇందులో లేదు. దానంతటది రాదు కూడా. ఆస్పత్రి ఈ వ్యవస్థలో చేరి, మన నంబర్‌కి రికార్డు జత చేస్తేనే మనకి కనిపిస్తుంది, 2023లో మేం నంబరే ఇవ్వలేదు. మా వీధి చివర ల్యాబ్ ఇంకా చేరలేదు, వాళ్ళ షుగర్ రిపోర్టులు వాట్సాప్‌లో వస్తాయి. హైదరాబాద్ ఆస్పత్రి నుంచి డిశ్చార్జ్ సమ్మరీ, మందుల చీటీ, రక్తపరీక్షలు వచ్చాయి గానీ, రోజువారీ నర్సింగ్ చార్టులు, ఆపరేషన్ నోట్స్ రాలేదు. అవి కావాలంటే మళ్ళీ అర్జీయే. ఇంకోటి, రిపోర్టులన్నీ ఇంగ్లీషులోనే. నాన్న తన ఫోన్‌లో తన రిపోర్టు తెరిచి నా చేతికే ఇస్తారు.

కాబట్టి యాప్ పెట్టుకోండి, కానీ ఇంటికి పంపే రోజు బిల్లు కౌంటర్ దగ్గర హడావిడిలో ఉన్నప్పుడే డిశ్చార్జ్ సమ్మరీ పేజీలు లెక్కపెట్టుకోండి, లోపల ఏదైనా అమర్చి ఉంటే ఆ స్టిక్కర్ కాపీ అడగండి, సీడీ అడగండి. ఆ రోజు ఐదు నిమిషాల్లో దొరికేది తర్వాత మూడు బస్సు ప్రయాణాలు అవుతుంది. మేం 61 పేజీలూ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టాం, స్టిక్కర్ పేజీ ఒక్కటి నాన్న పర్సులో ఉంటుంది.

అమ్మకి ఇంకా ఆభా చేయలేదు. ఆధార్‌కి ఉన్నది మా పాత ల్యాండ్‌లైన్ రోజుల తర్వాత తీసుకున్న మొదటి సెల్ నంబరు, అది పోయి చాలా ఏళ్ళైంది. వచ్చే వారం తెనాలి వెళ్ళినప్పుడు ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్ళి నంబర్ మార్పించాలి, థైరాయిడ్ రిపోర్టులన్నీ బీరువాలోంచి తీసి ఉంచమని చెప్పాను.